ఒక్క గీతతో మొదలైన టెలివిజన్
(ఫైలో ఫార్న్స్‌వర్త్ జీవితకథ)

పిల్లలూ! క్వార్టర్లు మారడం మీకూ కొత్త కాదు, మాకూ కొత్త కాదు. కొత్త ఊళ్ళో కొత్త ఇంటి తాళం తీయగానే మనం చేసే మొదటి పని ఏమిటి? మనకంటే ముందున్నవాళ్ళు ఏం వదిలివెళ్ళారో చూడటం. గోడకు నాలుగు మేకులు, అటక మీద పాత పుస్తకాల కట్ట, పెరట్లో ఒక కరివేపాకు మొక్క, చక్రం ఊడిన సైకిలు. పెద్దవాళ్ళు వాటిలో సగం చెత్త అంటారు. అలాంటి వాటిని చెత్త అనుకోని ఒక అబ్బాయి కథ ఈసారి మీకు చెప్పాలనుకున్నాం. ఆ కథ మాకు ఎందుకు గుర్తొచ్చిందో ముందు చెబుతాం.

కొన్నేళ్ళ క్రితం మేము పనిచేసిన ఒక బడిలో స్టోరు గది ఖాళీ చేస్తుంటే, కండెమ్ చేయాల్సిన సామాను మధ్య చెక్కపెట్టెలాంటి పాత టీవీ ఒకటి బయటపడింది. అది గాజు వాల్వులతో పనిచేసే రకం. ఫిజిక్స్ మాస్టారికి దాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఊళ్ళో ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన ఒక పెద్దాయనను పిలిపించారు. తెలుగు చెప్పే మాకు అక్కడ పనేమీ లేకపోయినా, పీరియడ్ ఖాళీ దొరికినప్పుడల్లా వెళ్ళి చూసేవాళ్ళం.

ఆయన వెంటనే ప్లగ్గు పెడతారనుకున్నాం. పెట్టలేదు. ఏళ్ళ తరబడి మూలపడ్డ టీవీలో కండెన్సర్లు పాడై ఉంటాయట. ఒక్కసారిగా పూర్తి కరెంటు ఇస్తే అవి పేలవచ్చు, మిగతా భాగాలనూ పాడుచేయవచ్చు. అందుకని ముందు దుమ్ము దులిపారు. అనుమానం ఉన్న కండెన్సర్లు మార్చారు. తరవాత వాల్వులు చూశారు. ఆ టీవీలో వాల్వులన్నిటి ఫిలమెంట్లూ ఒకే వరసలో కలిపి ఉన్నాయి. వినాయక చవితి పందిట్లో సీరియల్ లైట్లలాగా ఒకటి పోతే అన్నీ ఆరిపోతాయి. పోయిన ఒక్కదాన్ని పట్టుకుని, తన రేకు డబ్బాలోంచి తెచ్చిన పాత వాల్వు ఒకటి దాని చోట పెట్టారు. అప్పుడు కూడా తిన్నగా కరెంటు ఇవ్వకుండా, మధ్యలో ఒక బల్బు కలిపారు. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే ఆ బల్బు భగ్గున వెలిగి చెప్పేస్తుంది.

వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. గరగరమని శబ్దం వచ్చింది. తెర వెలిగింది. కానీ తెర మధ్యలో అడ్డంగా ఒకే ఒక్క తెల్లగీత! మాకు నీరసం వచ్చింది. పెద్దాయన ముఖం మాత్రం వెలిగిపోయింది. గీత వచ్చిందంటే పిక్చర్ ట్యూబ్ బాగుంది, దానికి అందాల్సిన హై వోల్టేజి అందుతోంది, గీతను పక్కలకు సాగదీసే భాగం పనిచేస్తోంది. పైకీ కిందికీ పరిచే భాగం ఒక్కటే ఆగిపోయింది. వెతకాల్సిన చోటు అంత చిన్నదైపోయింది. మర్నాడు ఒక వాల్వు కాలి కింద సోల్డరింగ్ వదిలేసిన చోటు దొరికింది. అక్కడ మళ్ళీ సోల్డరింగ్ చేయగానే, చుట్టిన చాప విప్పినట్టు ఆ గీత తెరంతా పరుచుకుంది.

(ఇక్కడ ఒక హెచ్చరిక. ఇలాంటి టీవీల వెనక మూత మీరు ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీసేసిన తరవాత కూడా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు. అది తెలిసినవాళ్ళు చేయాల్సిన పని.)

ఆ గీతను చూసినప్పుడే మాకు ఫైలో ఫార్న్స్‌వర్త్ గుర్తొచ్చాడు. అతని టెలివిజన్ కూడా అలాంటి ఒక్క గీతతోనే మొదలైంది.

ఫైలో 1906 ఆగస్టు 19న అమెరికాలోని యూటా రాష్ట్రంలో, బీవర్ అనే ఊరి దగ్గర, తాతగారు కట్టిన దుంగల ఇంట్లో పుట్టాడు. తండ్రి లూయిస్ రైతు. ఆ ఇంట్లో కరెంటు లేదు. ఫైలోకు పన్నెండేళ్ళ వయసులో కుటుంబం సామానంతా సర్దుకుని పక్కనున్న ఐడహో రాష్ట్రానికి, రిగ్బీ అనే ఊరి దగ్గర బంధువుల పొలానికి తరలివెళ్ళింది.

కొత్త ఇంటికి వచ్చిన ఆ అబ్బాయికి ముందుగా కనిపించినవి కరెంటు తీగలు. పొలం అవసరాల కోసం అక్కడ ఒక జనరేటర్ ఉంది. అటక ఎక్కితే ఎవరో వదిలేసిన సైన్సు పత్రికల కట్టలు దొరికాయి. అంతకుముందు అక్కడ ఉన్నవాళ్ళు పారేసిన సామానులో కాలిపోయిన మోటారు కూడా ఒకటి కనిపించింది. జనరేటర్ మాటిమాటికీ మొరాయించేది. ఫైలో దాని పక్కన కూర్చుని, ఏ భాగం ఏ పని చేస్తుందో గమనించి, దాన్ని బాగుచేయడం నేర్చుకున్నాడు. కాలిన మోటారుకు తీగ మళ్ళీ చుట్టి తిరిగేలా చేశాడు. అమ్మ చేత్తో తిప్పుతూ బట్టలుతికే యంత్రానికి దాన్ని బిగించాడు. అటక మీది పత్రికల్ని పాఠ్యపుస్తకాల కంటే శ్రద్ధగా చదివాడు. కారు దొంగతనాలను ఆపే అయస్కాంతపు తాళం ఒకటి ఊహించి, ఒక పత్రిక పెట్టిన పోటీకి పంపి, 25 డాలర్ల బహుమతి గెలిచాడు.

దూరంగా ఉన్న దృశ్యాన్ని తీగల మీద పంపాలన్న ఆలోచన అప్పటికే పాతది. 1884లోనే జర్మనీలో నిప్కో అనే విద్యార్థి ఒక పద్ధతి చెప్పాడు. గుండ్రటి పళ్ళేనికి వరసగా రంధ్రాలు చేసి గిరగిరా తిప్పితే, ఒక్కో రంధ్రం దృశ్యంలో ఒక్కో గీతను చూస్తుంది. ఆ వెలుగును విద్యుత్తుగా మార్చి పంపితే, అవతల అలాంటిదే మరో పళ్ళెం ఆ గీతల్ని మళ్ళీ పేరుస్తుంది. చాలామంది ఆ పళ్ళేన్నే మెరుగుపరుస్తూ వచ్చారు. రిగ్బీ పొలంలో పత్రికలు చదివిన కుర్రాడికి మాత్రం ఒక అనుమానం వచ్చింది. మోటారుతో తిరిగే పళ్ళెం ఎంత వేగంగా తిరగగలదు? స్పష్టమైన బొమ్మకు ఆ వేగం చాలదు. బరువున్న యంత్రాల పని కాదిది, ఎలక్ట్రాన్ల పని అనుకున్నాడు. అయస్కాంతంతో, విద్యుత్తుతో ఎలక్ట్రాన్లను ఎటు కావాలంటే అటు వంచవచ్చు. వాటికి బరువు లేనట్టే లెక్క.

ఎలా వంచాలి? ఇక్కడ ఆ కుటుంబం చెప్పుకునే ఒక సంగతి ఉంది. పద్నాలుగేళ్ళ ఫైలో ఒకరోజు గుర్రాలతో పొలం దున్నుతూ వెనక్కి తిరిగి చూశాడట. ఒకదాని పక్కన ఒకటిగా నేలంతా చాళ్ళు. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక చాలు, మళ్ళీ ఇటునుంచి ఇంకో చాలు. దృశ్యాన్ని కూడా ఇలాగే చాలు చాలుగా దున్నుకుంటూ పోవచ్చు కదా అని అతనికి తట్టింది. మన పల్లెల్లో నాగలి పట్టిన ఏ రైతుకైనా ఈ మాట ఇట్టే అర్థమవుతుంది. మన దేశంలో పాత టీవీల తెర మీద బొమ్మ 625 చాళ్ళు. ఆ పొలాన్ని సెకనుకు ఇరవై అయిదు సార్లు దున్నితే మన కంటికి కదిలే బొమ్మ కనిపించేది. బడి స్టోరులో మేము చూసిన టీవీ చేసిన తప్పు కూడా అదే. దున్నాల్సిన చాళ్ళన్నీ ఒకదాని మీదే ఒకటి దున్నేసింది.

రిగ్బీ హైస్కూల్లో జస్టిన్ టోల్మన్ అనే కెమిస్ట్రీ మాస్టారు ఉండేవారు. ఫైలో తనకంటే పెద్ద తరగతి పాఠాలు కూడా చెప్పమని ఆయన వెంట పడ్డాడు. ఆయన విసుక్కోలేదు. బడి అయ్యాక కూడా కూర్చోబెట్టుకుని చెప్పారు. 1922లో ఒకనాడు ఫైలో నల్లబల్ల నిండా బొమ్మలూ లెక్కలూ వేసి, ఎలక్ట్రాన్లతో దృశ్యాన్ని పంపే పద్ధతి మాస్టారికి వివరించాడు. అప్పటికి అతనికి పదిహేనేళ్ళు దాటాయి, అంతే. మాస్టారికి అందులో అన్నీ అర్థమయ్యాయో లేదో గాని, శ్రద్ధగా విన్నారు. ఇక్కడ మేము ఒక్క క్షణం ఆగి, మాలాంటి ఉపాధ్యాయులందరి తరఫునా ఆయనకు నమస్కారం పెట్టుకుంటాం.

మరుసటి ఏడాదే ఆ కుటుంబం మళ్ళీ ఊరు మారింది. ఈసారి యూటాలోని ప్రోవో. ఫైలో రిగ్బీ బడిలో ఉన్నది కొద్దికాలమే. కొత్త ఊళ్ళో స్థిరపడేలోగానే, 1924 జనవరిలో తండ్రి న్యుమోనియాతో చనిపోయాడు. పదిహేడేళ్ళ ఫైలో మీద ఇంటి బరువు పడింది. కొన్నాళ్ళు విశ్వవిద్యాలయంలో పాఠాలు విన్నాడు, కొన్నాళ్ళు నౌకాదళంలో చేరి తిరిగొచ్చాడు. క్లిఫ్ గార్డనర్ అనే స్నేహితుడితో కలిసి సాల్ట్ లేక్ సిటీలో రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టాడు. అది నడవలేదు, మూతపడింది.

ఆ ఊళ్ళోనే జార్జ్ ఎవర్సన్ అనే ఆయనతో పరిచయమైంది. దానధర్మాలకు విరాళాలు సేకరించే పని మీద ఆయన అక్కడికి వచ్చాడు. ఫైలో తన మనసులో ఉన్న యంత్రం గురించి చెబుతుంటే, నెమ్మదిగా ఉండే ఆ కుర్రాడు వేరే మనిషిలా కనిపించాడట. ఎవర్సన్, అతని సహచరుడు లెస్లీ గోరెల్ కలిసి ఆరు వేల డాలర్లు పెట్టడానికి ముందుకొచ్చారు. 1926 మే 27న ఫైలో, క్లిఫ్ చెల్లెలు పెమ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. కొత్త దంపతులు వెంటనే కాలిఫోర్నియాకు ప్రయాణమయ్యారు. మొదట లాస్ ఏంజెలిస్, కొద్దినెలలకే శాన్ ఫ్రాన్సిస్కో. అక్కడ గ్రీన్ స్ట్రీట్‌లో 202వ నంబరు భవనంలో వాళ్ళ ప్రయోగశాల.

అక్కడ కొనుక్కోగలిగిన సామాను తక్కువ, సొంతంగా తయారుచేసుకోవాల్సింది ఎక్కువ. ఫైలో ఊహించిన కెమెరా గొట్టానికి ఒక చివర చదునైన గాజు ఉండాలి. లోపలి గాలంతా తీసేసినా అది పగలకూడదు. గాజుపని చేసేవాళ్ళు అది కుదరదన్నారు. అంతకుముందు ఆ పని తెలియని క్లిఫ్ గాజు ఊదడం నేర్చుకుని, ఎన్నో గొట్టాలు పగలగొట్టి, చివరకు తయారుచేశాడు. పెమ్ పరికరాల నమూనాలు గీసింది. 1927 జనవరి 7న పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టారు.

1927 సెప్టెంబరు 7. ఒక గదిలో బలమైన దీపం ముందు గాజు పలక. దాని మీద ఒక గీత. పలక వెనక కెమెరా గొట్టం. ఇంకో గదిలో చిన్న తెర, దాని ముందు ఫైలో, పెమ్, ఎవర్సన్. తెర వెలిగింది, వణికింది, తరవాత దాని మీద గీత నిలబడింది. క్లిఫ్ అవతలి గదిలో గాజు పలకను తిప్పాడు. తెర మీది గీత కూడా తిరిగింది. తిరిగింది కాబట్టే అది ఏదో పొరపాటున వెలిగిన గీత కాదని తేలింది. అవతల ఉన్నది ఇవతల కనిపిస్తోంది! అప్పటికి ఫైలో వయసు ఇరవై ఒకటి.

ఒక్కటి మాత్రం న్యాయంగా చెప్పాలి. టెలివిజన్‌ను ఒక్కరే కనిపెట్టలేదు. 1926 జనవరిలోనే లండన్‌లో జాన్ లోగీ బెయర్డ్ తిరిగే పళ్ళెంతో మనిషి ముఖాలు చూపించాడు. అదే ఏడాది చివర జపాన్‌లో కెంజిరో తకయనగి తమ లిపిలోని ఒక అక్షరాన్ని ఎలక్ట్రాన్ తెర మీద చూపించాడు. అయితే అతని కెమెరా వైపు పళ్ళెమే ఉంది. దృశ్యాన్ని పట్టే చోటా, చూపించే చోటా కూడా ఎలక్ట్రాన్లనే వాడటం ఫార్న్స్‌వర్త్ ప్రత్యేకత.

ఆ తరవాత పని చాలు చాలుగానే సాగింది. పెట్టుబడి పెట్టినవాళ్ళు డాలర్లు ఎప్పుడు కనిపిస్తాయని అడుగుతుండేవారు. వాళ్ళకు తెర మీద డాలరు గుర్తునే చూపించాడు. 1929లో తెర మీదకు మనిషి వచ్చింది. అది పెమ్. ఆ బొమ్మలో ఆమె కళ్ళు మూసుకునే ఉంది. ఫార్న్స్‌వర్త్ కెమెరాకు కళ్ళు తెరవలేనంత వెలుగు కావాల్సి వచ్చేది. ఆ గొట్టంలోని లోపం అదే. తెలివైన యంత్రమే గాని, వెలుగును దాచుకోవడం దానికి చేతకాదు.

ఆ లోపాన్ని మరో దారిలో దాటిన శాస్త్రవేత్త వ్లదిమీర్ జ్వోరికిన్. ఆయన ఆర్‌సీఏ అనే పెద్ద రేడియో కంపెనీకి పనిచేసేవారు. 1930లో ఆయన గ్రీన్ స్ట్రీట్ ప్రయోగశాలకు వచ్చి అంతా చూసి మెచ్చుకుని వెళ్ళారు. తరవాత ఆ కంపెనీ అధిపతి డేవిడ్ సార్నాఫ్ కూడా చూశారు. లక్ష డాలర్లకు అంతా కొనేస్తామన్న బేరం వచ్చింది. ఫార్న్స్‌వర్త్ ఒప్పుకోలేదు. అప్పుడు పేటెంట్ల పోరు మొదలైంది. జ్వోరికిన్ 1923లోనే దరఖాస్తు పెట్టారు కాబట్టి ఎలక్ట్రాన్ టెలివిజన్ ముందు తమదేనని ఆ కంపెనీ వాదన. ఒకవైపు దేశంలోకెల్లా పెద్ద రేడియో కంపెనీ, ఇంకోవైపు అప్పులతో నడిచే చిన్న ప్రయోగశాల. అదే కాలంలో, 1932 మార్చిలో, ఏడాది దాటిన అతని రెండో కొడుకు జబ్బుచేసి చనిపోయాడు. ఆ దుఃఖం ఆ ఇంటిని చాలాకాలం వదల్లేదు.

ఫార్న్స్‌వర్త్ తన ఊహ ఎంత పాతదో చెప్పాలంటే సాక్షి కావాలి. న్యాయవాదులు జస్టిన్ టోల్మన్‌ను వెతికి పట్టుకున్నారు. కొద్దికాలమే తన బడిలో చదివి వెళ్ళిపోయిన ఒక కుర్రాడు నల్లబల్ల మీద ఏం గీశాడో ఆ మాస్టారికి గుర్తుంది! ఆ పద్ధతి ఏమిటో, ఆ బొమ్మ ఎలా ఉందో వివరించి సాక్ష్యమిచ్చారు. తీర్పు ఆ ఒక్క సాక్ష్యం మీదే నిలవలేదు. పాత దరఖాస్తులో ఏముంది, ఏం లేదు అన్న పరిశీలనే దానికి ప్రధానమైంది. ఏమైతేనేం, 1930ల మధ్యలో పేటెంట్ కార్యాలయం ఫార్న్స్‌వర్త్ పక్షానే తేల్చింది. 1939లో ఆ పెద్ద కంపెనీయే అతని పేటెంట్లు వాడుకోవడానికి పది లక్షల డాలర్లు ఇచ్చేందుకు ఒప్పుకుంది.

కథ ఇక్కడ ముగిస్తే అందంగా ఉండేది. జీవితం అలా ముగియలేదు. రెండో ప్రపంచయుద్ధం వచ్చి అమెరికాలో టీవీల తయారీ ఆగిపోయింది. యుద్ధం ముగిసి ఇళ్ళలోకి టీవీలు వచ్చే వేళకు, 1947 నాటికి, ఆయన ముఖ్యమైన పేటెంట్ల గడువు తీరిపోయింది. ఆరోగ్యం, మనసు రెండూ దెబ్బతిన్నాయి. ఆయన పేరుమీద వెలిసిన కంపెనీ చేతులు మారింది. 1957లో ఒక టీవీ కార్యక్రమంలో, ఈయన దాచిన రహస్యం ఏమిటో చెప్పమని ప్రముఖుల్ని అడిగారు. టెలివిజన్ కనిపెట్టిన మనిషి ఎదురుగా కూర్చున్నా వాళ్ళు ఊహించలేకపోయారు. ఆయన 80 డాలర్ల బహుమతి గెలుచుకుని ఇంటికి వెళ్ళారు. అయినా పని మానలేదు. సూర్యుడిలో జరిగే అణుసంలీనాన్ని చిన్న పరికరంలో సాధించాలని 1960లలో ప్రయోగాలు చేశారు.

1969 జులైలో చంద్రుడి మీద మనిషి అడుగుపెడుతుంటే, ఫార్న్స్‌వర్త్ దంపతులు తమ ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూశారు. పడ్డ కష్టమంతా ఆ ఒక్క దృశ్యంతో తీరిందని ఆయన అనుకున్నట్టు పెమ్ తరవాత చెప్పింది. 1971 మార్చి 11న, 64 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. పెమ్ 2006 వరకు జీవించి, భర్త పేరు నిలబెట్టడానికి పాటుపడింది. యూటాలోని ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలు పట్టుబట్టి అడగడం వల్ల, 1990లో అమెరికా పార్లమెంటు భవనంలో ఆయన విగ్రహం పెట్టారు. ఆ విగ్రహం చేతిలో ఉన్నది కెమెరా గొట్టమే.

మన దేశంలో టెలివిజన్ ప్రసారం 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. 1975లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు పాఠాలు పంపిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. పంచాయతీ ఆఫీసు ముందో, బడి ముందో పెట్టిన టీవీ చుట్టూ ఊరంతా కూర్చుని చూసిన ఆ సాయంత్రాల గురించి మీ తాతయ్యలనో అమ్మమ్మలనో అడగండి. వాళ్ళు చూసిన బొమ్మ కూడా చాలు చాలుగా దున్నిన పొలమే.

ఇక మా బడి టీవీ సంగతి. బాగుచేయడం అయ్యాక ఆ పెద్దాయన ఒక పని చేశారు. ఏ తేదీన ఏ వాల్వు మార్చారో, ఏ కండెన్సర్లు కొత్తవో, సోల్డరింగ్ ఎక్కడ వదిలిందో ఒక కాగితం మీద రాసి, వెనక మూతకు లోపలివైపు అతికించారు. ఇప్పుడు ఎవరూ చూడని ఆ కాగితం ఎవరి కోసమని మేము అడిగాం. తరవాత వచ్చి విప్పేవాడి కోసమట. తనకు అలాంటి కాగితం దొరికి ఉంటే రెండు రోజుల పని తప్పేదట.

ఆ ఏడాదే మాకు బదిలీ ఆర్డరు వచ్చింది. ఆ టీవీ అక్కడి ఫిజిక్స్ ల్యాబులో ఉండిపోయింది. ఎవరో వదిలేసిన మోటారు, పత్రికలు ఫైలోకు దారి చూపించాయి. ఫైలో వదిలివెళ్ళిన నల్లబల్ల బొమ్మను ఒక మాస్టారు గుర్తు పెట్టుకున్నారు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఊరు మారే మనకు, ఏ బడీ శాశ్వతం కాదన్న బెంగ సహజమే. కానీ పిల్లలూ, వచ్చే మార్చిలో మీలో కొందరు టీసీ తీసుకుని వెళ్ళిపోతారు. వెళ్ళేముందు మీకు తట్టిన ఆలోచన ఏదైనా ఉంటే ఒకసారి నల్లబల్ల మీద గీసి మాకు చెప్పి వెళ్ళండి. పూర్తిగా అర్థం కాకపోయినా, మేము గుర్తు పెట్టుకుంటాం.